అబ్బా లుగత్, ఏడు కంప్యూటర్లు



ఈసారి మా ఇంటి ముచ్చట ఒకటి చెప్తాను. అందులో లినక్స్ అనే మాట చాలాసార్లు వస్తుంది. కంప్యూటర్ సంగతి మనకెందుకని మధ్యలో లేచి వెళ్లిపోకండి. చాయ్ పోసుకుని కూర్చోండి. ఇది అసలు మా అబ్బా కళ్ల సంగతి.

మా భాయి వాళ్లిల్లు అమీర్‌పేటలో. మైత్రీవనం చౌరస్తా నుంచి గల్లీలోకి మళ్లితే పది నిమిషాల నడక. ఆ నడకలో తలెత్తితే ఆకాశం కనిపించదు, బోర్డులే. జావా, పైథాన్, టెస్టింగ్, డెవాప్స్, రెడ్ హ్యాట్ లినక్స్. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు హాస్టల్లో నలుగురు కలిసి ఉంటూ, జిరాక్స్ నోట్సులు చేతిలో పట్టుకుని తిరుగుతుంటారు. మా భతీజా కూడా అక్కడే నేర్చుకున్నాడు. వాడికి ఇంటి కిందే సముందర్ ఉంది. నాకు మాత్రం ఆ గల్లీలో నచ్చేది ఇరానీ చాయ్ ఒక్కటే.

అబ్బా ఆ ఇంట్లోనే ఉంటారు. ఆయన కాతిబ్. ఉర్దూ అఖ్బారుకు చేత్తో రాసేవారు. ఈ కాలం పిల్లలకు ఆ పనేమిటో చెప్పాలి. ఉర్దూ నస్తలీఖ్ లిపిలో అక్షరాలు వరసగా నిలబడవు. ఒకదాని భుజం మీద ఒకటి వాలుతూ, కుడి నుంచి ఎడమకు దిగుతూ వస్తాయి. సీసం అచ్చులతో దాన్ని కూర్చడం సరిగ్గా కుదరలేదు. అందుకే తెలుగు పేపర్లు కంపోజింగ్ చేసుకుంటున్న రోజుల్లో కూడా ఉర్దూ పేపర్లను మనుషులే రాశారు. ప్రతి రోజు, ప్రతి పేజీ, రెల్లు కలంతో. అబ్బా ఉస్తాద్ దగ్గర చేరిన రోజుల్లో ఇంకా రాతి ప్రెస్సులున్నాయట. పసుపు పూత పూసిన కాగితం మీద రాస్తే దాన్ని రాతి మీదికి ఎక్కించేవారు. రాతి మీద అక్షరం తిరగబడి ఉంటుంది. ఎక్కడైనా గలతీ ఉంటే దాన్ని రాతి మీదే, అద్దంలో బింబంలా తిప్పి రాసి సరిచేసే మనిషి వేరే ఉండేవాడు. ఆయన్ని సంగ్‌సాజ్ అంటారు. "కాతిబ్ కంటే సంగ్‌సాజ్ పెద్ద ఉస్తాద్ బేటా" అంటారు అబ్బా. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తలీఖ్ తయారు చేశారు. దాదాపు 20 వేల అక్షరాల జోడింపులను గీసి మెషీన్‌కి ఎక్కించారు. 1994లో మన దేశంలోనే ఇన్‌పేజ్ వచ్చింది. మామూలు కంప్యూటర్ మీద నస్తలీఖ్ పేజీ కట్టొచ్చు. మెల్లమెల్లగా అఖ్బారుల్లో కాతిబ్‌ల బల్లలు ఖాళీ అయ్యాయి. అబ్బా బల్ల కూడా. ఆయన ఎవర్నీ తిట్టలేదు. పెళ్లి రుక్కాలు, మస్జిద్ గోడల మీద పేర్లు, దుకాణాల బోర్డులు రాస్తూ మమ్మల్ని చదివించారు. ఉర్దూ మీడియంలో పదో తరగతి దాకా చదివిన నన్ను డిగ్రీలో తెలుగు తీసుకోమన్నది ఆయనే. "ఒక జబాన్ మీద ఇల్లు కట్టుకుంటే ఏమవుతుందో చూశాం. నువ్వు రెండు కాళ్ల మీద నిలబడు" అన్నారు. క్లాసులో నా ఉచ్చారణకు నవ్వేవారు, ఇంటికొస్తే చుట్టాలు "తెలుగు చదివి ఏం చేస్తావమ్మా" అనేవారు. ఆ తెలుగే ఇరవై ఏళ్లుగా నాకు రోటీ పెడుతోంది.

చేతికి పని తగ్గాక అబ్బా ఒక లుగత్ మొదలుపెట్టారు. లుగత్ అంటే నిఘంటువు. తెలుగులోకి వచ్చి కలిసిపోయిన ఉర్దూ, ఫార్సీ, అరబీ మాటలన్నీ ఒకచోట. హక్కు, రైతు, ఫిర్యాదు, జవాబు, వకీలు, దస్తావేజు, రాజీనామా, ఖరారు, దుకాణం, కాగితం, కలం. ఎడమవైపు తెలుగులో ఆ మాట, కుడివైపు ఖుష్‌ఖత్‌లో ఉర్దూ మాట, కింద ఒక వాక్యం అర్థం. తెలుగు అక్షరాలు నన్ను అడిగి నేర్చుకున్నారు. రెండు లాంగ్ నోట్‌బుక్కులు నిండాయి. కూతురు దగ్గర కూర్చుని అబ్బా గుణింతం దిద్దడం నేను చూశాను. అంతకంటే ఎక్కువ ఈ విషయంలో చెప్పలేను.

రెండు రంజాన్‌ల కింద డాక్టర్ ఆయన కళ్లు చూసి నీటికాసులన్నారు. మన ఇళ్లలో కాలా మోతియా అంటాం. సఫేద్ మోతియా అయితే ఆపరేషన్‌తో చూపు తిరిగొస్తుంది. కాలా మోతియాలో పోయిన చూపు పోయినట్టే. ఉన్నదాన్ని మందు చుక్కలతో కాపాడుకోవాలి. అబ్బా ఇంటికొచ్చి నోట్‌బుక్కులు తీసి మా భతీజా ముందు పెట్టారు. "బేటా, ఇది కంప్యూటర్‌లో పెట్టు. పిల్లలు చదువుతుంటే ఒకసారి చూడాలె నేను."

పిల్లలంటే బోరబండలో ఒక మక్తబ్ పిల్లలు. అబ్బా వారానికి రెండు రోజులు వెళ్లి వాళ్లకు ఉర్దూ రాత దిద్దించేవారు. స్కూల్లో తెలుగు, ఇంగ్లిష్ చదివే పిల్లలు. ఇంట్లో మాట్లాడేది దక్కనీయే, కానీ ఉర్దూ అక్షరం ముందు పెడితే గోడ చూసినట్టు చూస్తారు. మీ ఇళ్లలోనూ ఇంతే కదా? తెలుగు అక్షరాల్లో మాట టైపు చేస్తే పక్కన నస్తలీఖ్‌లో దాని రూపం, అర్థం కనిపించే చిన్న ప్రోగ్రామ్ ఉంటే చాలు. భతీజా పైథాన్‌లో రాస్తానన్నాడు. మాటలు టైపు చేసే పని నా మీద పడింది. రోజూ ఆఫీసు నుంచి వచ్చి, ఇషా తర్వాత కూర్చునేదాన్ని. మొదటి నోట్‌బుక్ పూర్తయ్యేసరికి మూడు నెలలు పట్టింది.

మక్తబ్‌లో ఏడు కంప్యూటర్లున్నాయి. ఒక ఆఫీసు వాళ్లు పాతబడ్డాయని ఇచ్చేశారు, హార్డ్ డిస్కులు చెరిపేసి. వాటిలో విండోస్ లేదు. బజారులో ఎవరో కాపీ సీడీ తెచ్చి వేస్తానంటే మౌలానా సాబ్ ఒప్పుకోలేదట. "పిల్లలకు సచ్చాయీ నేర్పే గదిలో చోరీ మాల్ పెట్టి నేర్పమంటారా?" అన్నారట. ఒకరిద్దరు కుర్రాళ్లు వేరువేరు సమయాల్లో వచ్చి లినక్స్ వేసి వెళ్లారు. లినక్స్ హలాల్ మాల్. 1991లో హెల్సింకీలో 21 ఏళ్ల స్టూడెంట్ లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. దానికి ముందే, 1983లో, రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పని ఎత్తుకున్నాడు. ఆ రెండూ కలిస్తే పూర్తి సిస్టమ్ అయింది. ఎవరైనా వాడుకోవచ్చు, నకలు తీసి పంచొచ్చు, విప్పి చూసి మార్చుకోవచ్చు. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే సంస్థ 2005లో తెలుగులో లినక్స్ తెచ్చింది. కేరళ సర్కారీ బడుల్లో ఏళ్లుగా ఇదే నడుస్తోంది. మౌలానా సాబ్ దిల్ ఖుష్.

భతీజా తన ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ చూపించాడు. మాషాఅల్లా, ఎంత బాగా వచ్చిందో. "కలం" అని కొడితే పక్కన ఖాఫ్, లామ్, మీమ్ ఒయ్యారంగా దిగి వచ్చాయి. అబ్బా భూతద్దం పెట్టుకుని చూసి "మీమ్ తోక కొంచెం కురచ. పర్వాలేదు" అన్నారు. మా ఇంట్లో అది పెద్ద బిరుదు. వచ్చే జుమ్మా రోజు మక్తబ్‌కి తీసుకెళ్దామనుకున్నాం. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆటోలో ముగ్గురం వెళ్లాం.

మొదటి కంప్యూటర్‌లో పెట్టి రెండుసార్లు నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. ఏమీ లేదు. నల్ల తెర తెరిచి ఏదో టైపు చేస్తే ఒక లైను వచ్చింది. "జీలిబ్‌సీ 2.35 దొరకలేదు" అని దాని మతలబు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఒకదాంట్లో ఇంకో రకం ఎర్రర్. పిల్లలు చుట్టూ మూగారు. అబ్బా కుర్చీలో కూర్చుని "క్యా హువా?" అని అడుగుతున్నారు. వాడి మొహం చూడలేకపోయాను. అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకుని, మంచి కంపెనీలో వందల సర్వర్లు చూసుకునే కుర్రాడు, ఏడు పాత డబ్బాల ముందు చెమటలు కక్కుతున్నాడు.

తిరిగొస్తూ ఆటోలో అడిగాను, ఇంత చదివినవాడివి, ఇదెందుకు కాలేదురా అని.

"ఫుప్పూ, మాకు నేర్పింది సర్వర్ నడపడం. మన సర్వర్‌లో ఏముందో మనకు తెలుసు. ఇంకొకరి ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కి ప్రోగ్రామ్ ఇవ్వడం వేరే ఫన్. అది ఆ గల్లీలో ఎవరూ నేర్పరు."

రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర వాడు విడమరచి చెప్పాడు. నాకు అర్థమైనట్టు మీకు చెప్తాను.

విండోస్ అంటే ఊరంతటికీ ఒకే బావర్చీఖానా. ఒకసారి వండిన హండీ ఎక్కడ పెట్టినా దాదాపు సరిపోతుంది. లినక్స్ అలా కాదు. లినక్స్ వేసుకున్న ప్రతి ఖాందాన్‌కీ తన వంటిల్లు వేరు. డెబియన్ ఒక ఖాందాన్. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టాడు. ఆయన పేరు, ఆయనకు కాబోయే బీవీ డెబ్రా పేరు కలిపి డెబియన్ అన్నాడట. దాని సంతానం ఉబుంటు, 2004లో వచ్చింది. ఉబుంటు సంతానం మింట్. ఇంకోవైపు రెడ్ హ్యాట్, ఫెడోరా ఖాందాన్. ఒకరు డెబ్ అనే డబ్బాలో సామాను పెట్టుకుంటారు, ఇంకొకరు ఆర్‌పీఎమ్ అనే డబ్బాలో. ఒకరి డబ్బా మూత ఇంకొకరికి పట్టదు. ఒకే ఖాందాన్‌లో కూడా 2018 నాటి వంటింట్లో మసాలాలు వేరు, 2022 నాటివి వేరు.

ప్రోగ్రామ్ రాసేవాడు అన్నీ తనే రాయడు. తెర మీద కిటికీ గీయడానికి ఒకరి లైబ్రరీ, అక్షరం దిద్దడానికి ఇంకొకరిది, అన్నిటికీ అడుగున జీలిబ్‌సీ. అది ఉప్పులాంటిది, ప్రతి వంటలోనూ ఉంటుంది. పాత ఉప్పుతో వండింది కొత్త ఇంట్లో నడుస్తుంది. కొత్త ఉప్పుతో వండింది పాత ఇంట్లో నడవదు. మావాడి ల్యాప్‌టాప్ ఉబుంటు 22.04, అందులో జీలిబ్‌సీ 2.35. మక్తబ్‌లో నాలుగు కంప్యూటర్లు ఉబుంటు 18.04, వాటిలో 2.27. రెండు మింట్‌వి, వాటిలో 2.31. ఎవరి తప్పూ కాదు, మా తప్పే. పాత ఇంటికి మెహ్‌మాన్‌గా వెళ్తూ అక్కడ పొయ్యి ఎలా ఉందో అడగలేదు.

"అయితే అందరికీ ఇదే తిప్పలా?" అన్నాను.

వాడు నవ్వి, లినక్స్ పుట్టించిన టోర్వాల్డ్స్‌కే ఈ తిప్పలు తప్పలేదన్నాడు. ఆయన సముద్రంలో డైవింగ్ చేస్తాడు. డైవింగ్ లెక్కలు రాసుకోవడానికి 2011లో సబ్‌సర్ఫేస్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. 2014లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో డెబియన్ వాళ్ల జల్సాలో, వాళ్ల మొహం మీదే ఆ కష్టం చెప్పాడు. మా ప్రోగ్రామ్‌కి విండోస్ డబ్బా చేస్తాం, మ్యాక్ డబ్బా చేస్తాం, లినక్స్‌కి మాత్రం చేయం, ఎందుకంటే ఇన్ని రకాలకు చేయడం పీడ అని. ఇంటి యజమానే తన ఇంట్లోకి సామాను తేలేకపోతున్నాడు! అది విని అబ్బా ఆ రోజు మొదటిసారి నవ్వారు.

ఈ తిప్పలకు మందు వెతికినవాళ్లూ ఉన్నారు. ఒకటి యాప్‌ఇమేజ్. కావలసినవన్నీ ఒకే ఫైల్‌లో కట్టేసే టిఫిన్ డబ్బా. రెండోది ఫ్లాట్‌పాక్, 2016 నుంచి ఆ పేరుతో ఉంది. అందరూ వాడే సామాన్లను ఒక పెద్ద మూటగా వేరే పెట్టి, ప్రోగ్రామ్‌ని దాని మీద నిలబెడుతుంది. మూడోది స్నాప్, ఉబుంటు వాళ్లది. మావాడు ఒక్కొక్కటీ మక్తబ్‌కి సరిపోతుందా అని చూస్తూ పోయాడు. మింట్ వాళ్లు 2020 నుంచి స్నాప్‌ని మామూలుగా రానివ్వడం లేదు, అది పక్కకుపోయింది. ఫ్లాట్‌పాక్ చక్కగా ఉంటుంది, కానీ కింద వేసే ఆ పెద్ద మూట వందల ఎంబీల్లో దిగాలి. మక్తబ్‌లో ఇంటర్నెట్ అంటే మౌలానా సాబ్ ఫోన్ హాట్‌స్పాట్. పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్లే దారి ఉంది గానీ, రేపు మౌలానా సాబ్ ఒక్కరే చేసుకోగలిగే పని కాదు. మిగిలింది టిఫిన్ డబ్బా.

ఆ తర్వాతి వారాలు వాడు ఆఫీసు నుంచి వచ్చి రాత్రి రెండింటి దాకా కూర్చునేవాడు. ఈ మధ్యలో అబ్బా డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లొచ్చారు. ఎడమ కంటికి పక్కల చూపు ఇంకొంచెం తగ్గిందన్నారు. ఇంట్లో ఎవరూ తారీఖు మాట ఎత్తలేదు. కానీ రంజాన్ లోపల అవ్వాలని అందరికీ తెలుసు.

పాత ఉబుంటును కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా వేసుకుని, అందులో ప్రోగ్రామ్ మళ్లీ వండాడు. ఈసారి పాత ఉప్పు. తర్వాత ఫాంట్ లడాయి వచ్చింది. వాడి ల్యాప్‌టాప్‌లో నస్తలీఖ్ ఫాంట్ ముందే ఉంది, మక్తబ్‌లో లేదు. ఫాంట్ లేకపోతే కంప్యూటర్ ఊరుకోదు, నస్ఖ్‌లో చూపిస్తుంది, అరబీ కితాబుల్లో ఉండేలా, గీత మీద బుద్ధిగా నిలబడిన అక్షరాలు. అబ్బాకు అది చూపిస్తే ఏమంటారో నాకు తెలుసు. ఫాంట్‌ని కూడా డబ్బాలో పెట్టాలి. అందరూ వాడే ఫాంట్ ఒకటి ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది. కానీ దాన్ని పంచే ఇజాజత్ ఎవరిచ్చారో, ఇచ్చారో లేదో, ఎక్కడా సాఫ్‌గా లేదు. మౌలానా సాబ్ చోరీ మాట గుర్తొచ్చి దాన్ని వదిలేశాం. నోటో నస్తలీఖ్ ఉర్దూ అని గూగుల్ వాళ్ల ఫాంట్ ఉంది. దాని లైసెన్స్‌లోనే రాసి ఉంది, ప్రోగ్రామ్‌తో కలిపి పంచుకోవచ్చని. అది పెట్టాం. తెలుగుకు కూడా అలా ఖుల్లాగా దొరికే ఫాంట్లు, పోతన, వేమన లాంటివి, ఉన్నాయి. పోతన పక్కన నస్తలీఖ్! అబ్బాకు చెప్తే "మంచి జోడీ" అన్నారు.

ఈ అక్షరాలను తెర మీద కుదురుగా పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. చాలా ఫోన్లలో ఉర్దూ మెసేజ్ సరిగ్గా కనిపిస్తుందంటే దాని మెహర్బానీయే. ఆ పేరు ఫార్సీ. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. తయారు చేసినవాళ్లలో ముఖ్యుడు బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్, ఇరాన్ మనిషి. ఈ సంగతి నేను అబ్బాకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోసారి ఊరికే వినాలనిపించి అడిగారనుకుంటాను.

మక్తబ్‌లో కొన్ని కంప్యూటర్లలో తెలుగు టైపు చేసే ఏర్పాటే లేదు. దానికి వాడు తెర మీదే అక్షరాల పలక పెట్టాడు. పిల్లలు మౌస్‌తో నొక్కితే చాలు.

అన్నీ కట్టాక డబ్బా తన ల్యాప్‌టాప్‌లో తెరిచి చూసుకుందామనుకున్నాడు. తెరుచుకోలేదు! యాప్‌ఇమేజ్ తెరవడానికి లిబ్‌ఫ్యూజ్-2 అనే చిన్న పరికరం కావాలి. పాత ఉబుంటుల్లో అది ఉండేది. 22.04 నుంచి ముందే వేసి ఇవ్వడం మానేశారు. పాత ఇళ్లకు సరిపోయేలా చేస్తే, చేసినవాడి కొత్త ఇంట్లో తెరుచుకోవడం లేదు. వాడు తల పట్టుకున్నాడు, నేనూ భాభీ పొట్ట పట్టుకుని నవ్వాం. ఒక ప్యాకేజీ వేస్తే సరిపోయింది. ఇప్పుడు ఆ పరికరాన్ని డబ్బా లోపలే పెట్టుకునే కొత్త పద్ధతి కూడా వచ్చిందట.

ఏడో కంప్యూటర్ మిగిలింది. అన్నింటికంటే ముసలిది, 32 బిట్‌ది. దాంట్లో డెబియన్ ఉంది. ఇప్పటి డబ్బాలు చాలావరకు 64 బిట్‌కే. ఉబుంటు వాళ్లు ఆ పాత రకాన్ని ఎప్పుడో వదిలేశారు. "దాన్ని వదిలేద్దాం ఫుప్పూ, ఆరు చాలు" అన్నాడు.

అబ్బా పక్క గదిలోంచి విన్నారు. "ముసలిదని వదిలేస్తారా?" అన్నారు. గొంతులో కోపం లేదు. అదే కష్టమైంది మాకు.

దానికి వాడు వేరే దారి పట్టాడు. వండిన హండీ కాకుండా నుస్ఖా ఇవ్వడం. పైథాన్ ప్రోగ్రామ్ మెషీన్ రకాన్ని బట్టి మారదు. దాన్ని అలాగే డెబ్ డబ్బాలో పెట్టి, "పైథాన్, తెర లైబ్రరీ నీ ఇంట్లోవే వాడుకో" అని చీటీ రాశాడు. డెబ్‌లో అలాంటి చీటీ రాసే పద్ధతి ఉంది, ఏ మెషీన్‌కైనా సరే అని. ఆ లైబ్రరీలు కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాడు, అక్కడ నెట్ లేదు కాబట్టి. అన్నింటికంటే ముసలి కంప్యూటర్‌కి అన్నింటికంటే సీదా పద్ధతి సరిపోయింది. ఫైల్ కూడా చిన్నది.

షాబాన్ నెల చివరి వారంలో మళ్లీ వెళ్లాం. ఈసారి వాడు ఒక కాగితం మీద తెలుగులో రాసుకొచ్చాడు, మౌలానా సాబ్ కోసం. మొదట ఫైల్‌ని డెస్క్‌టాప్ మీదికి తెచ్చుకోండి. కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లో, ప్రోగ్రామ్‌గా నడవనివ్వమనే చోట టిక్ పెట్టండి. ఆ తర్వాతే రెండుసార్లు నొక్కండి. ఆ టిక్ లేకపోతే లినక్స్ బయటి నుంచి వచ్చిన అలాంటి ఫైల్‌ని నడవనివ్వదు. మౌలానా సాబ్ చదివి, "మంచి అలవాటే బాజీ. తెలియనివాడు తలుపు కొడితే ముందు ఎవరని అడగాలి కదా" అన్నారు.

ఒకటి తెరుచుకుంది. రెండు. మూడు. ఏడోది నిమిషం ఆలోచించి తెరుచుకుంది. అబ్బా నిలబడే ఉన్నారు. భతీజా అక్షరాలను తెర నిండా పెద్దవి చేశాడు. అబ్బా మొహం తెరకు జానెడు దూరంలో పెట్టి, తల కొంచెం కుడికి తిప్పి చూశారు. అటువైపు చూపు బాగుంటుంది. ఒక చిన్న పిల్ల తెలుగు పలక మీద "హక్కు" అని నొక్కింది. పక్కన ఉర్దూ రూపం వచ్చింది. "తాతా, ఇది మన మాటా?" అని తెలుగులో అడిగింది. "మన మాటే బేటీ, రెండు దిక్కులా మనదే" అన్నారు.

ఖుషీ పది నిమిషాలు నిలిచింది. ఇంకో కుర్రాడు "సందూకు" నొక్కాడు. అబ్బా చూసి, ఇంకా దగ్గరికి వంగి, "యే కౌన్ లిఖా?" అన్నారు. సందూక్ స్వాద్‌తో మొదలవ్వాలి. తెర మీద సీన్ ఉంది. నోట్‌బుక్‌లో ఆయన స్వాదే రాశారు. టైపు చేసింది నేను. ఇషా తర్వాత, నిద్రకళ్లతో.

ఒక్క అక్షరం. కానీ అది ఏడు కంప్యూటర్లలోనూ ఉంది. ఆరింటికి ఒక డబ్బా, ఏడోదానికి ఇంకో డబ్బా. సరిచేయాలంటే రెండూ మళ్లీ కట్టాలి, మళ్లీ బోరబండకు రావాలి, ఏడింట్లోనూ పాతది తీసి కొత్తది పెట్టాలి. అప్పుడు నాకు అర్థమైంది. ప్రోగ్రామ్ ఇచ్చేసి సలాం చెప్పి రావడానికి లేదు. ఇచ్చిన తర్వాత కూడా దాని వెనక ఒక మనిషి ఉండాలి. డెబియన్ లాంటి చోట్ల ప్రతి ప్యాకేజీకి అలాంటి మనిషి ఉంటాడట, మెయింటైనర్ అంటారు. ఎక్కువమంది జీతం లేకుండా చేస్తారు. ఎవరో రాసిన ప్రోగ్రామ్ తీసుకుని, తమ ఇంటికి సరిపోయేలా దిద్ది, గలతీ దొరికితే సరిచేసి పంపుతారు. కంప్యూటర్‌కి నెట్ ఉంటే ఆ దిద్దిన కాపీ దానంతటదే ఇంటికొస్తుంది. మేము ఆ పని పెన్‌డ్రైవ్‌తో, ఆటోలో చేశాం.

"అంటే సంగ్‌సాజ్" అన్నారు అబ్బా, మావాడు చెప్తుంటే విని. "రాసినవాడి పేరు పేజీ కింద ఉండేది. సంగ్‌సాజ్ పేరు ఎక్కడా ఉండేది కాదు. ఆయన లేకపోతే పేజీ లేదు."

ఆ మాటతో మావాడు తలెత్తాడు. నెల రోజులుగా వాడు పడుతున్న కష్టాన్ని ఇంట్లో ఎవరూ, నేను కూడా, పనిగా చూడలేదు. ప్రోగ్రామ్ రాయడం పని అనుకున్నాం. దాన్ని ఇంకొకరి ఇంటిదాకా చేర్చడం చిల్లర పని అనుకున్నాం.

మరుసటి వారం స్వాద్ పెట్టి వచ్చాం. ఇప్పటికి ఆ లుగత్ అయిదోసారి మారింది. ఏ కంప్యూటర్‌లో ఎన్నో కాపీ ఉందో మౌలానా సాబ్ గోడ మీద కాగితం అంటించి రాసుకుంటారు. ప్రోగ్రామ్‌ని దాని నుస్ఖాతో సహా ఎవరైనా తీసుకునేలా ఖుల్లాగా పెట్టాం. నోటో ఫాంట్‌ని మాకెవరో అలా ఇచ్చారు కాబట్టే కదా మా పని అయింది.

అబ్బా ఇప్పుడు తెర మీద అక్షరం చదవలేరు. వెలుగు, నీడ తెలుస్తాయి. రెండో నోట్‌బుక్ నేను టైపు చేస్తున్నాను. ప్రతి మాటా ఆయనకు పైకి చదివి వినిపించి, ఒక్కో అక్షరం పేరు చెప్పి, ఆయన "హౌ" అంటేనే ముందుకు వెళ్తున్నాను. రోజుకు పదిహేను మాటలు దాటవు. నాకు తొందర లేదు. ఆయనకూ లేదంటారు.

మీ ఇళ్లలో కూడా దాదా రాసిన డైరీ, నానీ చెప్పిన పాటల కాగితం, పాత సందూక్‌లో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఫోన్‌తో ఫోటో తీసి ఊరుకోకండి. ఫోటో మీ దగ్గర ఉంటుంది, పక్కింటి పిల్లకు చేరదు. చేర్చే పనికి ఇంట్లో కంప్యూటర్ చదువుతున్న పిల్లల్ని కూర్చోబెట్టండి. కష్టపడుతుంటే చిన్న పని అనకండి. మేము అన్నాం, అందుకే చెప్తున్నాను.

అబ్బా కళ్ల కోసం దువా చేయండి. వాడి కోసం కూడా. వాడి కంప్యూటర్‌లో ఇంకా రెండు గలతీలు దొరికాయట.

అల్లాహ్ హాఫిజ్.